డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో కాటపల్ట్ ట్రైనింగ్ రేంజ్ ఎలా కట్టాలి

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అంటే డ్వార్ఫ్‌లతో (మరుగుజ్జులతో) కోట కట్టించి నడిపే కంప్యూటర్ గేమ్. అందులో శత్రువులైన గోబ్లిన్‌లు గేటు దాకా వచ్చాక హడావుడిగా కాటపల్ట్ (రాళ్ళు విసిరే యంత్రం) పెట్టి, అంతవరకు దాని మొహం కూడా చూడని డ్వార్ఫ్‌ని దాని దగ్గరికి పంపిస్తే ఏమవుతుందో ఈ ఆట ఆడేవాళ్ళలో చాలామందికి తెలుసు. వాడు మెల్లగా వెళ్ళి రాయి తెస్తాడు, మెల్లగా ఎక్కిస్తాడు, తీరా వదిలితే అది ఎటో పక్కకి పోతుంది, ఈలోపు శత్రువు కనపడగానే వాడు పని వదిలేసి పారిపోతాడు. దాంతో ముట్టడి యంత్రాలు వేస్ట్ అని తేల్చేసి మళ్ళీ వాటి జోలికి పోనివాళ్ళు బోలెడు మంది. తప్పు యంత్రానిది కాదు. సీజ్ ఆపరేటర్ స్కిల్ (ముట్టడి యంత్రాన్ని నడిపే నేర్పు) లేకుండా ఆ యంత్రం పనికిరాదు, ఆ స్కిల్ రావాలంటే కాల్పించి కాల్పించి నేర్పించాలి, నేర్పించాలంటే దానికంటూ ఒక గది కావాలి.

ఇక్కడ చెప్పే మెనూలు, కీలు అన్నీ 0.47.05 వెర్షన్‌వి, అంటే స్టీమ్ (గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్)‌లోకి రాకముందు ఉచితంగా ఇచ్చిన క్లాసిక్. 2022 డిసెంబర్‌లో వచ్చిన స్టీమ్ వెర్షన్‌లో మెనూలు వేరేగా ఉంటాయి.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ట్రైనింగ్ రేంజ్ అనగానే అందరూ కాల్చే దూరం గురించి ఆలోచిస్తారు, వంద గడుల పొడవున కారిడార్ తవ్వుతారు. అవసరం లేదు. ట్రైనింగ్‌లో టార్గెట్ ఉండదు, ఎదురుగా గోడ ఎనిమిది గడుల్లో ఉన్నా ఆపరేటర్‌కి వచ్చే అనుభవం వస్తూనే ఉంటుంది. మీరు చూసుకోవాల్సిన దూరం యంత్రం ముందు కాదు, వెనకాల ఉంటుంది: రాయి ఎక్కడుంది, దాన్ని తేవడానికి డ్వార్ఫ్ ఎన్ని అడుగులు నడవాలి. నమ్మకం కుదరకపోతే ఉన్న కాటపల్ట్ దగ్గర ఒక ఆపరేటర్‌ని ఫాలో చేసి కాసేపు చూడండి. ఖాళీ చేతులతో చకచకా వెళ్తాడు, రాయి ఎత్తుకున్నాక ఈడ్చుకుంటూ వస్తాడు, యంత్రం దగ్గర నిలబడి ఎక్కిస్తాడు, కాలుస్తాడు, మళ్ళీ బయల్దేరతాడు. రాయి ముప్పై గడుల దూరంలో ఉంటే వాడి సమయమంతా ఆ నడకకే పోతుంది. అదే రాయి ఒక్క గడి దూరంలో ఉంటే ఒకే సీజన్‌లో ఎన్నో రెట్లు ఎక్కువ కాలుస్తాడు. కింద చెప్పే ప్లాన్ అంతా ఆ నడక తగ్గించడానికే.

చోటు ఎంచుకోవడం

మట్టి పొరల్లో తవ్వకండి. మట్టి, ఇసుక, బంకమన్ను తవ్వితే రాళ్ళు రావు. రాతి పొరలోకి దిగండి, అక్కడ తవ్విన గడుల్లో సుమారు నాలుగింట ఒకటి పెద్ద రాయిని వదులుతుంది. అంటే గది తవ్వుతున్నప్పుడే మీ మొదటి మందుగుండు చేతికొస్తుంది. ఇంకా మంచి చోటు ఏదంటే, మీరు ఎలాగూ పెద్ద ఎత్తున తవ్వబోతున్న ప్రాంతం పక్కన, పడకగదుల బ్లాకో గోదాములో రాబోయే దగ్గర. అక్కడ పుట్టిన రాళ్ళన్నీ ఇటు మళ్ళించొచ్చు, కోటలో రాళ్ళ చెత్త కూడా తగ్గుతుంది.

భోజనాల హాలుకి మరీ దూరం వెళ్ళొద్దు. డ్వార్ఫ్‌లు మాటిమాటికీ తాగడానికి లేచి వెళ్తారు. పది లెవెల్స్ (అంతస్తులు) కింద రేంజ్ కట్టి మందు పైన పెడితే రాళ్ళ దగ్గర మిగిల్చిన సమయమంతా మెట్ల మీద పోతుంది. పక్కనే చిన్న గది తవ్వి నాలుగు మంచాలు, ఒక డ్రింక్ స్టాక్‌పైల్ (నిల్వ చోటు), ఒక ఫుడ్ స్టాక్‌పైల్, బల్ల, కుర్చీ పెట్టేయండి, సరిపోతుంది.

యంత్రాలు

సీజ్ వర్క్‌షాప్ 5×5 చోటు తీసుకుంటుంది, దానికి తగ్గ గది చూసుకోండి. అందులో సీజ్ ఇంజనీర్ కాటపల్ట్ పార్టులు చేస్తాడు, ఒక్కో పార్టుకి ఒక దుంగ, ఒక్కో కాటపల్ట్‌కి మూడు పార్టులు. మూడు కాటపల్ట్‌లకి 9 దుంగలు. ఇది పెద్ద ఖర్చేం కాదు.

కొత్త ఇంజనీర్ చేసిన మొదటి పార్టులు నాసిగా ఉంటాయి, వాటిని ఏం చేయాలా అని బాధపడకండి, ట్రైనింగ్‌కి అవే వాడండి. పార్టుల నాణ్యత గురి మీద ప్రభావం చూపిస్తుంది, కానీ గోడని కొట్టడానికి గురితో పనేముంది. ఇంజనీర్ చెయ్యి తిరిగాక చేసే మాస్టర్‌వర్క్ (అత్యుత్తమ నాణ్యత) పార్టులని యుద్ధం కోసం దాచిపెట్టండి.

బల్లిస్టా (పెద్ద బాణాలు విసిరే యంత్రం) మీదే నేర్పించొచ్చు కదా అనిపించొచ్చు. రెండింటికీ స్కిల్ ఒకటే, అదే అసలు లాభం. బల్లిస్టాకి ప్రతి షాట్‌కీ ఒక బాణం చేయాలి, దానికి కర్ర కావాలి, మంచి బాణమైతే మొనకి లోహం కూడా కావాలి. కాటపల్ట్‌కి కావాల్సింది రాయి, అది మీ కోటలో కాళ్ళకి అడ్డం పడుతూనే ఉంటుంది. రాళ్ళతో నేర్చుకుని బాణాలతో యుద్ధం చేయడమే తెలివైన పని. నన్నడిగితే కాటపల్ట్ ఆయుధంగా అంతంత మాత్రమే, ట్రైనింగ్ మెషీన్‌గా మాత్రం దాన్ని మించింది లేదు.

గది కొలతలు

మూడు కాటపల్ట్‌ల గది చెబుతాను, మీకు రెండే చాలనుకుంటే దీన్నే కుదించుకోండి.

ఒక్కో కాటపల్ట్ 3×3. మూడింటిని పక్కపక్కనే, అన్నీ తూర్పు ముఖంగా, మధ్యలో ఒక్కో గడి సందు వదిలి పెడతాం. అంటే ఉత్తరం నుంచి దక్షిణానికి 3+1+3+1+3, మొత్తం 11 గడులు. యంత్రాలు 3 గడుల వెడల్పు తీసుకుంటాయి, వాటి వెనక పడమటి వైపు 2 గడులు వదలండి, అందులో ఒకటి రాళ్ళకి, ఒకటి నడకకి. అలా కాల్చే గది 5×11 అవుతుంది. దాని ముందు తూర్పు వైపు 8×11 ఖాళీ స్థలం, దాని చివర గోడ. ఈ ఖాళీ స్థలానికి నేల ఉండదు, మొత్తం కింది లెవెల్‌కి తెరిచి ఉంటుంది.

నేల ఎందుకు తీసేయాలంటే రెండు కారణాలు. కాటపల్ట్ తనవాళ్ళని, పరాయివాళ్ళని తేడా చూడదు, దారికి అడ్డంగా ఎవరున్నా రాయి తగులుతుంది. తలుపు ఎంత గట్టిగా వేసినా ఏదో ఒక పిల్లి దూరిపోతుంది, దాని వెనక దాని యజమాని బాధ మొదలవుతుంది. నేలే లేకపోతే అక్కడికి ఎవరూ నడిచి రాలేరు. రెండోది, గోడకి తగిలిన రాళ్ళు ఒక్క చోట, కింది గదిలో పడతాయి, వెతుక్కోనక్కర్లేదు. కొత్త ఆపరేటర్ రాయి పక్క గోడకి కొట్టినా అదీ అదే గోతిలోకే. అందుకే ఒక్కో కాటపల్ట్‌కి విడివిడిగా సన్నటి సందులు తవ్వకుండా మూడింటికీ కలిపి ఒకే వెడల్పాటి గొయ్యి పెట్టమంటున్నాను.

తవ్వే వరస

ఇక్కడ వరస తప్పితే పని రెండింతలవుతుంది, కాబట్టి నెమ్మదిగా చదవండి.

మొదట కింది లెవెల్‌లో 8×11 గది మామూలుగా తవ్వేయండి. పైనుంచి నేరుగా చానెల్ కొడితే (అంటే కాళ్ళ కింది నేలని తవ్వి తీసేస్తే) కింద ర్యాంపులు (ఎక్కే వాలులు) మిగులుతాయి, ఆ ర్యాంపుల మీదుగా అందరూ పైకి ఎక్కి కాల్పుల దారిలోకి వస్తారు, వాటిని తీసేయడం ఇంకో పని. కింద ముందే ఖాళీ ఉంటే చానెల్ కొట్టినప్పుడు నేల మాత్రమే పోతుంది, ర్యాంపు రాదు.

తర్వాత పై లెవెల్‌లో 5×11 కాల్చే గది, 8×11 ముందు భాగం రెండూ తవ్వండి. అందులో పడ్డ రాళ్ళన్నీ ముందు భాగం నుంచి బయటికి మోయించేయండి. మొత్తం కలిపితే 231 గడులు, నాలుగింట ఒకటి లెక్కన యాభై, అరవై రాళ్ళు చేతికొస్తాయి.

ఇప్పుడు చానెల్. డీ, హెచ్ నొక్కి మొత్తం ఒకేసారి గీసేయకండి. తూర్పు గోడని ఆనుకుని ఉన్న వరస ఒక్కటే ముందు గీయండి, అది అయ్యాక దాని ఇవతలి వరస, అలా వెనక్కి వస్తూ కాల్చే గది అంచు దాకా రండి. అన్నీ ఒకేసారి ఇస్తే మైనర్లు ఎక్కడ పడితే అక్కడ మొదలెడతారు, ఒకడు అవతలి వైపు చిక్కుకుపోతాడు, లేదా ఏ ఆధారం లేని నేల ముక్క మిగిలి మనిషితో సహా కూలిపోతుంది. ఒక్కో వరస అంటే విసుగే, కానీ ఎనిమిది వరసలే.

కింది గదికి దారి: కాల్చే గది వెనక మూలలో మెట్లు పెట్టండి, కింద మెట్లకీ గోతి గదికీ మధ్య ఒక తలుపు. కాల్పులు నడుస్తున్నంతసేపు ఆ తలుపు ఫర్బిడ్ చేసి (ఎవరూ వాడకుండా నిషేధించి) ఉండాలి. పైనుంచి పడే రాయి కింద ఉన్నవాడి తల మీద పడితే గాయమవుతుంది. రాళ్ళు ఏరుకునేటప్పుడు కాటపల్ట్‌లన్నీ ఆపి, తలుపు తీసి, ఏరుకున్నాక మళ్ళీ లోపల ఎవరూ లేరని చూసుకుని వేసేయండి.

ఆఖరికి కాటపల్ట్‌లు పెట్టండి, బీ, ఐ, సీ. పెట్టే ముందే ముఖం ఎటు ఉందో చూసుకోండి, 0.47లో కట్టేశాక తిప్పడం కుదరదు, విప్పి మళ్ళీ కట్టాల్సిందే.

రాళ్ళ కుప్ప

దీని మీద నేను ఎంత చెప్పినా తక్కువే.

మామూలు స్టాక్‌పైల్‌లో గడికి ఒక్క రాయే పడుతుంది. 11 గడుల వెనక వరసంతా స్టాక్‌పైల్ పెట్టినా 11 రాళ్ళే, మూడు కాటపల్ట్‌లు వాటిని చూస్తుండగానే ఖాళీ చేస్తాయి. అందుకని డంప్ జోన్ వాడండి. ప్రతి కాటపల్ట్ వెనక ఒక్క గడిలో గార్బేజ్ డంప్ జోన్ పెట్టి, అదే గడిలో ఒక గడి స్టోన్ స్టాక్‌పైల్ కూడా పెట్టండి. ఆ చుట్టుపక్కల రాళ్ళని డీ, బీ, డీతో డంప్‌కి గుర్తు పెట్టండి. డ్వార్ఫ్‌లు ఎన్ని రాళ్ళైనా తెచ్చి ఆ ఒక్క గడిలోనే పడేస్తారు. పడేసినవన్నీ ఫర్బిడ్ అయి ఉంటాయి కాబట్టి డీ, బీ, సీతో క్లెయిమ్ చేయాలి (ఆ నిషేధం తీసేయాలి). ఈ క్లెయిమ్ చేయడం మర్చిపోయి, పక్కనే కొండంత కుప్ప ఉన్నా రాయి లేదని జాబ్ క్యాన్సిల్ అవుతోందేంటి అని తలపట్టుకునేవాళ్ళు చాలామంది.

స్టాక్‌పైల్ ఎందుకూ, డంప్ చాలదా అంటే, చాలదు. వేరే చోట ఖాళీగా ఉన్న స్టోన్ స్టాక్‌పైల్ ఏదైనా ఉంటే మీ కుప్పని హాలర్లు (సరుకు మోసేవాళ్ళు) ఒక్కొక్కటిగా అక్కడికి మోసుకెళ్ళిపోతారు. కుప్ప స్టాక్‌పైల్ మీదే ఉంటే అవి సర్దిన రాళ్ళ కింద లెక్క, ఎవరూ కదిలించరు. ఆ స్టాక్‌పైల్ సెట్టింగ్స్‌లో మెటల్ ఓర్స్ (లోహ ఖనిజాలు), ఎకనామిక్ (ప్రత్యేక వాడకం ఉన్న రాళ్ళు) తీసేసి మామూలు రాళ్ళు మాత్రమే ఉంచండి. డంప్‌కి గుర్తు పెట్టేటప్పుడు కూడా ఇనుప ఖనిజం, సున్నపురాయి లాంటివి తగలకుండా చూసుకోండి. ఉక్కు చేయడానికి కావాల్సిన ఫ్లక్స్ రాళ్ళని గోడకేసి కొట్టించుకుంటే తర్వాత మీకే కష్టం. పైగా ఖనిజాలు కొన్ని చాలా బరువు, గలీనా లాంటిది ఎత్తుకుంటే నడక ఇంకా మందగిస్తుంది.

కుప్ప నిండాక డంప్ జోన్‌ని ఆపేయండి. లేకపోతే కోటలో ఎవరు ఏది డంప్ చేసినా, కుళ్ళిన శవాలతో సహా, మీ ఆపరేటర్ల వెనక్కే వచ్చి పడుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఆటలో పనికి వస్తువు వెతికేటప్పుడు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటుంది గానీ, దగ్గర అంటే గాల్లో గీత గీసినట్టు చూసే దూరమే, నడిచే దారి పొడవు లెక్కలోకి రాదు. గోడకి అవతల పక్క గదిలో రాయి ఉంటే, అక్కడికి చేరాలంటే కోటంతా చుట్టి రావాల్సి వచ్చినా, మీవాడు దాని కోసం బయల్దేరతాడు. కాబట్టి రేంజ్ గోడలకి ఆనుకుని, పైన కింద లెవెల్స్‌లో కూడా, చెల్లాచెదురుగా రాళ్ళు ఉంచకండి. ఉంటే వాటిని కుప్పలోకైనా లాగండి, లేదా ఫర్బిడ్ చేయండి. గోతిలో పడ్డ రాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. కుప్ప నిండుగా ఉన్నంతసేపు అదే దగ్గర, కుప్ప అయిపోయిందంటే వాళ్ళ చూపు గోతి వైపు పోతుంది. కుప్ప సగానికి దిగగానే కాల్పులు ఆపి నింపుకోవడం అలవాటు చేసుకోండి.

మొదటిసారి ఐదారు షాట్‌లు కొట్టించాక ఆపి కింది గదిలోకి చూడండి. రాళ్ళు మిగిలి ఉంటే అవి మళ్ళీ కుప్పలోకి తిప్పుకోవచ్చు, మీ రేంజ్‌కి బయటి సరుకు పెద్దగా అవసరం పడదు. తక్కువగా కనిపిస్తే మైనర్లని ఆపకుండా తవ్విస్తూ ఉండండి, రాళ్ళు వస్తూనే ఉంటాయి.

మనుషులు

మూడు యంత్రాలకి ఆరుగురు చాలు, ముగ్గురు కాలుస్తుంటే మిగతావాళ్ళు తింటూనో పడుకునో ఉంటారు. వలస వచ్చినవాళ్ళలో చేతిలో పనికొచ్చే విద్య ఏదీ లేనివాళ్ళని తీసుకోండి. వీ, పీ, ఎల్ నొక్కి సీజ్ ఆపరేటింగ్ తప్ప అన్ని పనులూ తీసేయండి, ముఖ్యంగా హాలింగ్ మొత్తం. ఒక్క హాలింగ్ పని మిగిలినా కాల్పులు మధ్యలో వదిలేసి ఎవరి సాక్సులో ఎత్తడానికి వెళ్ళిపోతారు. స్టీమ్ వెర్షన్‌లో అయితే కొత్త వర్క్ డీటెయిల్ ఒకటి చేసి, అందులో సీజ్ ఆపరేటింగ్ మాత్రమే పెట్టి, ఎంచుకున్నవాళ్ళు మాత్రమే చేసేలా మార్చండి. లేకపోతే మీ ఒకే ఒక్క కమ్మరి కూడా వచ్చి రాళ్ళు విసురుతుంటాడు.

వీళ్ళకి ఒక బరో (దాటి వెళ్ళకుండా పెట్టే హద్దు) గీయండి. అందులో కాల్చే గది, రాళ్ళ కుప్పలు, పక్కనున్న మంచాలు, తిండి, మందు అన్నీ ఉండాలి. ఒక్కటి తప్పినా దాహంతోనో ఆకలితోనో సమస్య వస్తుంది, కాబట్టి బరో గీశాక ఒకసారి గది గది చూసుకోండి.

ఇక ప్రతి కాటపల్ట్ మీద క్యూ నొక్కి ఫైర్ ఎట్ విల్ పెట్టండి. శత్రువు లేకపోయినా కాలుస్తూనే ఉంటారు.

లెజెండరీ అవ్వాలంటే ఏ స్కిల్‌కైనా 18,000 అనుభవ పాయింట్లు కావాలి, మొదటి మెట్టు నోవిస్‌కి 500. అంటే త్వరగా అయ్యే పని కాదు, దీన్ని కోట మొదటి సంవత్సరాల్లోనే మొదలుపెట్టి నేపథ్యంలో నడవనివ్వాలి. ముట్టడి వచ్చే ఏడాది మొదలుపెడితే ఆలస్యమే. అలాగని అందరూ లెజెండరీ అయ్యేదాకా ఆగాలని కాదు, ఇద్దరు ముగ్గురు బాగా ముందుకెళ్తే వాళ్ళే యుద్ధానికి చాలు. రాళ్ళు మోసి కాల్చే ఈ పనిలో ఒళ్ళు కూడా గట్టిపడుతుంది, మిగతావాళ్ళని తర్వాత సైన్యంలోకి తీసుకుంటే దిట్టమైన సైనికులవుతారు.

యుద్ధం దగ్గరికి

నేర్చుకున్న ఆపరేటర్లని గేటు దగ్గర బల్లిస్టాల మీద పెట్టేటప్పుడు ప్లాన్ పూర్తిగా తిరగబడుతుంది, ఇప్పుడు ముందు దూరమే ముఖ్యం. గోల్కొండ ఫతే దర్వాజా చూసినవాళ్ళకి గుర్తుంటుంది, గేటుకి అడ్డంగా ఒక గోడ లేపి, ఏనుగులు నేరుగా పరిగెత్తుకొచ్చి గుద్దకుండా దారి వంచేశారు. ఆటలో కూడా చాలామంది ప్రవేశ ద్వారాన్ని అలాగే వంకర టింకరగా కడతారు. బల్లిస్టా ఉన్న కోటకి అది పనికిరాదు. 0.47లో ఈ యంత్రాలు ఒకే జెడ్ లెవెల్‌లో (ఒకే అంతస్తులో), చూపు పెట్టిన దిక్కులోనే కాలుస్తాయి. తిన్నగా, సమతలంగా, పొడుగ్గా ఉన్న దారి కావాలి, దాని ఒక చివర మీ యంత్రం, యంత్రం ముందు ఫోర్టిఫికేషన్ల (కన్నాలున్న గోడల) వరస. ఆ కన్నాల్లోంచి బాణం వెళ్తుంది, గోబ్లిన్ రాలేడు. ట్రాల్‌లు (భారీ రాక్షసులు) కట్టడాలని పగలగొడతాయి, వాటికి అందనిచ్చారో యంత్రం పోతుంది.

ఆపరేటర్లు ఎంత నేర్చినా సివిలియన్లే, శత్రువు దగ్గరగా కనపడితే పని వదిలేస్తారు. అందుకే దారి పొడుగ్గా ఉండాలి, అందుకే యంత్రాలు ముందే కీప్ లోడెడ్‌లో (ఎక్కించి సిద్ధంగా ఉంచే సెట్టింగ్‌లో) ఉంచాలి. మీరు అలర్ట్ మోగించి అందరినీ లోపలి బరోలోకి పిలిచే పద్ధతి వాడుతుంటే, బల్లిస్టా గది ఆ బరోలో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. లేకపోతే అలర్ట్ పెట్టిన క్షణమే ఆపరేటర్లు యంత్రాలు వదిలి లోపలికి నడిచిపోతారు, బాణాలు ఎక్కించి ఉన్న బల్లిస్టాలు అలాగే ఉండిపోతాయి.

ముట్టడి అయిపోయాక రేంజ్‌ని మూసేయకండి. వాడని స్కిల్ తుప్పు పడుతుంది. మూడింటిలో ఒక్క కాటపల్ట్ నడిపినా చాలు, మిగతా రెండూ నాట్ ఇన్ యూజ్‌లో పెట్టండి. కుప్ప తగ్గినప్పుడు ఆ ఒక్కదాన్నీ ఆపి, కింది గది తలుపు తీసి రాళ్ళు పైకి తెప్పించండి, కుప్పని మళ్ళీ క్లెయిమ్ చేయండి.